తొమ్మిదో పేరు

అత్తగారికి, మామగారికి, భర్తకు ఆమె మూడు కంచాలు పెట్టింది. తను తర్వాత గిన్నెలోదే ఊడ్చుకు తినేస్తుంది. పెళ్లయిన పదహారేళ్లలో ఆ లెక్క తప్పని ఎవరికీ అనిపించలేదు, ఆమెతో సహా.

ఆస్పత్రిలో మందుల స్టోరు చూసేది ఆమే. పసిపిల్లల జ్వరం మందూ పెద్దవాళ్ల గుండె మందూ ఈమధ్య ఒకే రంగు సీసాల్లో, ఒకే అరలో పక్కపక్కన ఉంటున్నాయి. అర మార్చాలన్నా నెలనెలా జరిగే మీటింగులో ఒప్పుకోవాలి. పోయిన వారం ఒక నర్సు ఒకటి బదులు ఇంకొకటి పట్టుకెళ్లి, పాప నోటిదాకా వెళ్లాక చూసుకుంది. సీసాలు మార్పించమని అంతకు ముందే ఆమె మూడు మీటింగుల్లో నోరు తెరిచింది. మొదటిసారి సర్జన్ గారు "ఒక్క నిమిషమమ్మా" అని అందుకుని మళ్లీ వదల్లేదు. రెండోసారి సూపరింటెండెంటు గారు "ముందు టీ సంగతి చూడండి" అన్నారు. మూడోసారి ఎవరూ ఏమీ అనలేదు, వినలేదు కూడా. ఇంట్లో చెప్పుకుంటే భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండా, "గట్టిగా చెప్పాలి. నీ గొంతు నాకే వినపడదు" అన్నాడు.

ఈ నెల నుంచి మీటింగు కంప్యూటర్‌లో, ఎవరి గదిలోంచి వాళ్లు. వంతులు యంత్రమే చూస్తుంది. పేరు పిలిచినవాళ్ల మైకు ఒక్కటే రెండు నిమిషాలు తెరుచుకుంటుంది. మిగతావాళ్లు అరిచి గీపెట్టినా లాభం లేదు. ఆ మాట విని ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పేర్లు ఎక్కించే పని కూడా ఆమె మీదే పడింది. "మీరైతే ఓపిగ్గా చేస్తారు" అన్నారు సూపరింటెండెంటు గారు. ఎవరూ తప్పిపోకూడదని రెండుసార్లు సరిచూసింది. కూర తరుగుతూ తన రెండు నిమిషాలూ వల్లె వేసుకుంది.

యంత్రం ఒక్కొక్కరినే పిలిచింది. ఎనిమిదో పేరయ్యాక "అందరి వంతూ పూర్తయింది" అని మైకులన్నీ తెరిచింది.

"నా వంతు రాలేదండీ" అంది ఆమె.

"అదేంటి? పేర్లు ఎక్కించిందెవరు?" అన్నారు సర్జన్ గారు.

జాబితా చూసుకుంది. ఎనిమిదే ఉన్నాయి.

"నేనేనండీ."

అందరూ నవ్వారు. "సరే, వచ్చే నెల చూద్దాంలెండి" అన్నారు సూపరింటెండెంటు గారు.

ఆమెకు కోపం కూడా రాలేదు, అంత అలసటగా ఉంది. వచ్చే నెలదాకా ఆ సీసాలు ఆ అరలోనే ఉంటాయి. జాబితా తెరిచి తన పేరు ఎక్కించింది. అలవాటుగా అడుగున వదలబోయి, ఆగి, అన్నిటికంటే పైకి జరిపింది. మొదట్నుంచీ నడపమని నొక్కింది.

"ఇదేంటమ్మా, నాకు ఆపరేషను..." సర్జన్ గారి మాట సగంలో తెగిపోయింది.

తెర మీద ఎనిమిది నోళ్లు ఆడుతున్నాయి. చప్పుడు లేదు.

"పిల్లల మందు సీసాల గురించి" అంది ఆమె, తొందరేమీ లేకుండా.