గడప దగ్గర చెప్పిన పేరు

2009లో వరద వచ్చి పోయిన మూడో వారం, హైదరాబాదు నుంచి ఒక బస్సెడు కాలేజీ పిల్లలు మానవపాడులో దిగారు. ఊరికి సేవ చేద్దామని వచ్చేవాళ్లకు రవ్వంత పొగరు కూడా ఉంటుంది, తప్పు లేదు. బియ్యం, దుప్పట్లు పంచేశాక అసలు పని మిగిలింది. ఇళ్లతో పాటు రేషన్ కార్డులూ నీళ్లపాలయ్యాయి, కొత్తవాటికి ఫారాలు నింపాలి. మగవాళ్లంతా చేలల్లో ఒండ్రు ఎత్తిపోసుకుంటున్నారు. అందుకని బడి దగ్గర వరస కట్టినవాళ్లు ఆడవాళ్లే.

ఆ పిల్లల్లో వర్షది ముత్యాల్లాంటి రాత. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పొద్దున్నుంచి వంచిన తల ఎత్తకుండా నలభై ఫారాలు నింపి, మండలాఫీసు గుమస్తా శివశంకర్ ముందు పెట్టింది. ఆయన ఒకటి చూశాడు, రెండు చూశాడు, మిగతావీ తిరగేసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఏం బిడ్డా, నలుగురు ఆడోళ్లకు మొగని పేరు ‘పెద్దాయన’ అని రాసినవ్? ఈమె మొగని పేరు ‘మా సుమన వాళ్ల నాయిన’. గిదేంది, ఒట్టిగ ‘ఆయన’?”

“వాళ్లు చెప్పిందే రాశాను సార్.”

“మొగని పేరు నోట్లకెల్లి తీస్తరా వీళ్లు? తీస్తే ఆయనకు ఆయుష్షు తగ్గుతదంటరు. ఐదింటికి జీపొస్తది. సరిగ్గ లేని ఫారం లిస్టుల ఎక్కదు.”

వర్షకు తల కొట్టేసినట్టయింది. అంత దూరం వచ్చి చేతులారా నలభై ఇళ్ల బియ్యం చెడగొట్టానే అని ఏడుపొచ్చింది. ఆమెతో వచ్చిన హుమేరా మాత్రం ఏడవనివ్వలేదు.

“ఒకామె మొగుని పేరు పక్కామెను అడుగుదాం పా.”

ఇంకేముంది! జంటలుగా కూర్చోబెట్టేసరికి పేర్లు జలజలా రాలాయి. పేర్లతో పాటు ఎవరాయన గురక పెడతాడో, ఎవరాయన కూరలో ఉప్పు తక్కువైతే అలుగుతాడో కూడా బయటపడింది. బడంతా ఘొల్లున నవ్వింది.

నాలుగున్నరకు ఒక్క ఫారమే మిగిలింది. అది భీమమ్మది. అరవై దాటిన మనిషి. ఆమె భర్త ముప్పయ్యేళ్లు బొంబాయిలో రాళ్లు కొట్టి వచ్చినవాడు. ఊరందరికీ ఆయన బొంబాయి తాత. అసలు పేరు అక్కడున్న ఎవరికీ తెలియదు, తెలిసిన ఆయన ఈడువాళ్లు దూరపు చేలల్లో ఉన్నారు.

“నువ్వే చెప్పవ్వా, కార్డు పోతది” అని అందరూ బతిమాలారు.

“పోతే పోనీ. ఆయన సల్లగుంటే సాలు” అని భీమమ్మ కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఆ ఇంట్లో వరదకు గింజ మిగల్లేదని అందరికీ తెలుసు. వర్షకు ప్రాణం ఉసూరుమంది.

అంతలో భీమమ్మ సద్దిగిన్నె మరిచిపోయి తిరిగొచ్చింది. గడప మీద కాలు పెట్టబోతుంటే వర్షకు తన అక్క పెళ్లి గుర్తొచ్చింది. కొత్త పెళ్లికూతురిని ఆడబిడ్డలు ఎలా ఆపారో గుర్తొచ్చింది. ఒక్క గెంతులో వెళ్లి గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

“పేరు చెప్పి లోపలికి రా, వదినా!”

ఒక్క క్షణం అందరూ నోళ్లు తెరిచారు. తర్వాత చూడాలి ఆ గోల! “సెప్పాలె, సెప్పాలె!” అని చప్పట్లు. గడప దగ్గర చెబితే దోషం లేదు, అది పెళ్లినాడు ప్రతి ఇల్లాలూ చెప్పిన మాటే. భీమమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. ముడతల్లోంచి సిగ్గు తన్నుకొచ్చి, పదహారేళ్ల పిల్లలా మెలికలు తిరిగింది.

“నేనూ... నర్సింహులూ... వచ్చినం. తొవ్వ ఇడువుండ్రి!”

వర్ష పరుగెత్తుకెళ్లి రాసింది. తొందరలో అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చాయి, అయినా తన జన్మలో అంత అందంగా ఏదీ రాయలేదనిపించింది. జీపు హారన్ కొట్టేలోపు నలభై ఫారాలూ అందులో పడ్డాయి.

జీపు కదిలిపోయాక, భుజాన పార వేసుకుని బొంబాయి తాత వచ్చాడు. ఆడవాళ్లంతా ఆయన మీద పడి సంగతి చెప్పారు. తాత పార కింద పెట్టేశాడు.

“నా పేరా? నిజంగ అన్నదా? ఒక్కపారి మల్ల అనుమనుండ్రి, నేనిన్లే.”

భీమమ్మ అప్పటికే ఇంటి తొవ్వ పట్టింది. వెనక్కి తిరగకుండానే అంది:

“ఫారం జీపుల వోయింది. అంత గావాల్నంటే ఎంబడి ఉరికి సదివించుకో!”