ఉన్న అక్కకు పెత్రమాస

మా బాపు రాజేశానికి సంగారెడ్డి బజార్ల పప్పుల దుకాణం ఉండె. మేము ఇద్దరం ఆడపిల్లలం. అక్క పేరు అరుణాదేవి, నాకన్న ఆరేండ్లు పెద్ద. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు అన్నం తినిపించింది, జడ ఏసింది, అక్షరాలు దిద్దిపిచ్చింది అంతా అక్కనే.

అక్కకు పదమూడో ఏట వణుకు జరం వచ్చింది. గజ్జల గడ్డ కట్టి, ఎడమ కాలు మోకాలి కింద ఎర్రగ పొంగింది. నాలుగు దినాలకు జరం పోయింది, పొంగు సుత తగ్గింది. అందరం మరిచిపోయినం. రెండు నెలలకు మల్ల వచ్చింది. అట్ల వచ్చి పోయి, వచ్చి పోయి, ఒకసారి వచ్చిన వాపు ఇగ పోలే. బోదకాలు అన్నరు. ఇరవై ఏండ్లు వచ్చేసరికి మడిమె కాడ ముడుతలు పడి, తోలు గరుకుగ అయి, వేళ్ల సందుల నీరు కారేది. రోజుకు రెండుసార్లు కడుక్కునేది. అయినా వాసన వస్తుందా అని నన్ను అడిగేది. లేదనేదాన్ని. వచ్చేది.

ముందుగాల బజారుకు పోవుడు బందు చేసింది. తర్వాత వాకిట్ల కూసునుడు బందు చేసింది. పక్కింటోళ్లు ఆమె చేతి నీళ్లు తాగకుండ ఏదో సాకు చెప్పి పోయేటోళ్లు. సంబంధాలు వచ్చుడు ఆగిపోయినయ్. చీర కుచ్చిళ్లు నేల జీరాడేటట్టు కట్టుకొని, వెనక అర్రల కూసోని చేతి మిషను మీద బట్టలు కుట్టేది. ఇంట్ల నడుస్తుంటె ఒక అడుగు మెత్తగ, ఒక అడుగు బరువుగ వినపడేది.

డెబ్బయ్యో సంవత్సరంల నాకు సదాశివపేట నుంచి సంబంధం వచ్చింది. పిల్లగాడు సోమేశ్వర్, బెల్లం వ్యాపారం. వాళ్లు వచ్చే దినం బాపు అక్కను అర్రల ఉండమన్నడు. ఆమె తలుపు తనే దగ్గరికేసుకున్నది. పిల్లలెందరని వాళ్లడిగితె, ఇద్దరు పుట్టిండ్రు, పెద్దది పోయిందన్నడు బాపు. ఆయన ఆ మాట అంటడని నాకు తెల్వదు. సోమేశ్వర్ వాళ్లమ్మ కౌసల్య మెత్తటి మనిషి. నా చెయ్యి పట్టుకొని నన్నే అడిగింది.

"పాపం, ఏమై పోయింది బిడ్డా మీ అక్క?"

బాపు నా దిక్కు చూసిండు. అర్ర తలుపు నా ఈపు వెనకనే ఉన్నది.

"జరం వచ్చి పోయింది," అన్న.



పెండ్లికి వారం ముందు అక్కను కంది ఊర్ల ఉన్న ముత్యమ్మ ఇంటికి పంపిండ్రు. ముత్యమ్మ మా దుకాణంల పప్పులు చెరిగే మనిషి. పెండ్లయినంక తీసుకొస్త అన్నడు బాపు. గని అల్లుడు వచ్చిపోతుండె కాబట్టి తీసుకరాలే.

అత్తగారింట్ల నాకు ఏ లోటు లేకుండె. అదే ఎక్కువ బాధయింది. మొదటి పెత్రమాస నాడు అత్తమ్మ పోయినోళ్లకు విస్తర్లు పెట్టి, ఒకటి ఎక్కువ పెట్టింది. పెండ్లి గాక పోయిన పిల్ల, ఆమెకెవరు పెడ్తరు, మనమే పెడ్దామన్నది. అక్కకు ఇష్టమని నేను ఎన్నడో నోరు జారిన గారెలు సుత చేసింది. నా చేతనే వడ్డిపిచ్చింది. బతికున్న మనిషి పేరు చెప్పి నీళ్లు విడిచిన.

ఆ నాటి నుంచి ఆ ఇంట్ల నాకు అక్క అడుగులు వినపడుడు మొదలైంది. పట్టపగలు, పొయ్యి కాడ కూసుంటె వెనక నుంచి. తిరిగి చూస్తె ఎవరుండరు. నేను పెట్టిన విస్తరి ఆమెను నిజంగనే తీసుకపోయిందేమో అనుకునేదాన్ని. బాపును అడగాలంటె భయం. నాలుగేండ్లు అట్లనే విస్తరి పెట్టుకుంట వచ్చిన.

అప్పుడు కడుపుతోని ఉన్న. ఏడో నెలల ఒకనాడు మధ్యాహ్నం పండుకొని లేస్తె మెట్టెలు వేళ్లకు బిగుసుకపోయినయ్. రెండు పాదాలు పొంగినయ్. కడుపుతోని ఉన్నోళ్లకు మామూలే అని అత్తమ్మ నవ్వింది. నాకు అక్క కాలే యాదికొచ్చింది.

"అత్తమ్మా, మా అక్క సావలే," అన్న.

అంతా చెప్పిన. తిడ్తదనుకున్న. "నా చేత ఎంత పని చేయించినవే బిడ్డా," అని మాత్రం అన్నది. లేచి చీర మార్చుకున్నది.

ఇద్దరం బస్సెక్కి కందికి పోయినం. ముత్యమ్మ ఇంటికి తాళం ఉన్నది. పటాన్‌చెరుల ఫ్యాక్టరీలు కడుతున్నరు, అందరు గా పనికే పోయిండ్రని పక్కింటోళ్లు చెప్పిండ్రు. మల్ల బస్సెక్కినం. రోడ్డు పక్కన రేకుల షెడ్లు లేస్తున్నయ్, వాటి వెనక కూలోళ్ల గుడిసెలు వరుసగ. ఒక దాని ముంగట అక్క మిషను పెట్టుకొని కూసున్నది. చీర మోకాలి దాక ఎత్తి, ఎడమ కాలు ఇటుకల మీద చెక్క ఏసి చాపుకున్నది. ఇద్దరు మనుషులు చినిగిన అంగీలు పట్టుకొని ఆమెతోని హిందీల మాట్లాడుతున్నరు.

నన్ను చూసి మిషను ఆపింది. నేను ఏడ్సుకుంట ఆమె కాళ్లకు వంగబోతె, కడుపు మీద పడ్తది ఆగు అన్నది. నా పాదాలు చూసింది. నన్ను కూసోబెట్టి, పాదం మీద బొటనవేలు గట్టిగ ఒత్తి తీసింది. గుంట పడ్డది, మెల్లగ నిండింది. తర్వాత నా వేలు పట్టి తన కాలి మీద ఒత్తిపిచ్చింది. కట్టెను ఒత్తినట్టుండె.

"నీది నీరు, పోతది. నాది గట్టిపడ్డది," అన్నది.

మా ఇంటికి రమ్మని అత్తమ్మ బతిమిలాడింది. అక్క రానన్నది. ఈడ నా కాలు చూసినోళ్లు సుత తెల్లారి పని పట్టుకొని వస్తరు అన్నది. విస్తర్ల సంగతి అత్తమ్మనే చెప్పింది. అక్క మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకున్నది.

"కందిల ఏడాది దాక అద్దం చూడలే చంద్రకళా. నువ్వు చెప్పినంక నేను లేననే అనుకున్న. ఆకలైతె పరేషాన్ అయ్యేది, ఈ ఆకలి ఎవరికైతుంది అని."

నేను మాఫీ అడిగిన. చేసిన అనలే, చెయ్య అనలే. ఇంటికొచ్చినంక సుత పొయ్యి కాడ అడుగులు ఆగలే.

కాన్పయిన నెలకు నా పాదాలు మామూలుగ అయినయ్. ఆడపిల్ల. అత్తమ్మ నా పెనిమిటికి అన్ని చెప్పి ఒప్పించింది. మూడో నెలల అత్తమ్మ, నేను పిల్లను ఎత్తుకొని పటాన్‌చెరు పోయినం. అక్క పిల్లను ఒళ్ల పెట్టుకొని అంగీకి కొలతలు తీసుకుంటుండె. తీసుకుంటుంటెనే చేతులు వణుకవట్టినయ్. జరం మల్ల వస్తుందని ఆమెకు తెలిసిపోయింది. పిల్లను నాకిచ్చి, ఇగ పోండ్రి అన్నది. నేనుంట అంటె వద్దన్నది. ముత్యమ్మ ఆమెను లోపల పండబెట్టి రెండు గొంగళ్లు కప్పింది. బయట నిలబడ్డ మాకు పండ్లు కొట్టుకునే సప్పుడు వినపడుతుండె. రెండు దినాలల్ల తగ్గుతదని ముత్యమ్మ చెప్పింది. బస్సు వచ్చింది, ఎక్కినం. సదాశివపేట వచ్చేదాక నేను పిల్ల పాదాలు చేతుల పట్టుకొనే కూసున్న.