అబద్ధానికి ఉడకని డేగిసా

సాయంత్రం పొయ్యి వెలిగించే ముందు చిన్నక్క ఇల్లంతా వినేటట్టు ఒక కేక వేస్తుంది. "బియ్యం పోస్తాండా! ఇంగ నోళ్ళు జాగ్రత్త!"

కువైట్‌లో, సాల్మియాలోని ఆ ఇంట్లో వంటకు కుదిరినప్పటినుంచీ ఇది ఆమెకు తొమ్మిదేళ్ళ అలవాటు. అన్నం వండే ఆ పెద్ద గిన్నెను, డేగిసాను, ఆమె తన ఊరు రాయచోటి నుంచి మోసుకొచ్చింది. ఇంట్లో ఎవరు అబద్ధమాడినా ఎసరు ఠక్కున ఆగిపోతుంది. అందుకే ఇంటి యజమాని బాబా వ్యాపారం ఫోన్లన్నీ కారులో కూర్చొని, అద్దాలు ఎత్తుకొని మాట్లాడతాడు. టీవీలో అబద్ధాలను మాత్రం డేగిసా పట్టించుకోదు. వాటికీ ఆగేదైతే ఈ భూమ్మీద మెతుకనేది ఉడికేదా?

ఆ జనవరి సాయంత్రం, సామాన్యుల మనిషినని చెప్పి గెలిచిన పెద్దమనిషి అమెరికా గద్దె ఎక్కుతున్నాడు. ఆ వేడుక చూడటానికి బాబా దివానియాలోకి, అంటే మగవాళ్ళు కొలువు తీరే హాల్లోకి, కువైట్‌లో సగం మంది వచ్చి కూర్చున్నారు. మిగతా సగం గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నారు.

చిన్నక్క గుండెలో మాత్రం అమెరికా లేదు, రాయచోటి ఉంది. కూతురు పుష్పలతకు తొమ్మిదో నెల. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి కూర్చుంది, ఆ పుట్టింట్లో తల్లే లేదు. చిన్నక్క పాస్‌పోర్టు మామా దగ్గర, అంటే బాబా భార్య దగ్గర ఉంది. మూడేళ్ళుగా మామాది ఒకటే మాట: "వచ్చే నెల పంపుతా." ఆ మాట అన్నప్పుడల్లా ఆ పూట అన్నం పలుకే.

ఎనిమిదికి ప్రమాణం మొదలైంది. కాంట్రాక్టరొకడు తొడ చరిచి, "ఈయన గెలవాలని మొదటినుంచీ కోరుకున్నది నేనే!" అన్నాడు. పోయిన వారం అతను తిట్టిన తిట్లు గోడలకు ఇంకా అంటుకొనే ఉన్నాయి. ఎసరు ఆగింది. పై అంతస్తులో అద్దెకుండే ఇంజనీరు సుధాకర్, అమెరికా వీసాకు కాగితాలు పెట్టుకున్నవాడు, గోళ్ళు మోచేతి దాకా కొరుక్కుంటూ "నాకేం దిగుల్లేదు సార్" అన్నాడు. ఎసరు చల్లబడింది.

వంటింటి గడప మీద డ్రైవర్ షావలి టీ ఊదుకుంటున్నాడు. "ఎవురు గద్దెక్కితే ఏందక్కా? తెల్లారి అయిదుకు కారు కడగాల్సింది నేనే గదా!"

డేగిసాలో ఒక్క బుడగ లేచింది.

"సూస్తివా షావలీ! నువ్వు పోయి ఆ సోఫా మీద కూచ్చో. వాళ్ళనొచ్చి కారు కడగమను. నిమిషంలో ఉడుకుతాది."

తొమ్మిదయ్యేసరికి అతిథులు దిండ్లలో దూది పీక్కొని తినడానికి సిద్ధంగా ఉన్నారు. మామా పరుగెత్తుకొచ్చింది.

"యల్లా చిన్నక్కా! అన్నమేది? వచ్చే నెల నిన్ను పంపుతా, తొందరగా కానీ!"

మంట మీదున్న ఎసరు మంచుగడ్డ కట్టింది.

చిన్నక్క గరిటె కింద పెట్టి చేతులు కట్టుకుంది. "మంట పెంచితే కాదు మామా. ఒక్క నిజం సెప్పు."

"నువ్వు నా కూతురులాంటిదానివి!"

గడ్డ మీద ఇంకో గడ్డ.

"హోటల్ నుంచి తెప్పిస్తా!"

"తెప్పించు. ఈ ఇంట్లో అన్నం ఏంటికి ఉడకలేదో తెల్లారేలోగా ఫహాహీల్ దాకా తెలుస్తాది."

మామా స్టూలు మీద కూలబడింది. "నువ్వు పోతే తిరిగి రావని నా భయం. నాకు టీ పెట్టుకోవడం కూడా రాదు. పాస్‌పోర్టు నా బీరువాలో ఉంది, అత్తర్ల పెట్టె కింద."

మంచు పెళ్ళున పగిలింది. ఎసరు కుతకుతలాడింది.

"ఎప్పుడు పంపుతావు?"

మామా డేగిసా వైపు బెదురుగా చూసింది. "శుక్రవారం."

మూత ఎగిరి పైకప్పుకు తగిలింది.

పళ్ళేలు సర్దేలోగా పాస్‌పోర్టు చిన్నక్క చేతికొచ్చింది. మామా ఆమె కొంగు పట్టుకుంది. "తిరిగొస్తావు కదా?"

చిన్నక్క మెతుకు పట్టి చూసింది. అన్నం వార్చి పళ్ళేలలోకి తోడింది. పొయ్యి ఆర్పింది. ఖాళీ డేగిసా తోమి బోర్లించింది. తడిచెయ్యి కొంగుకు తుడుచుకొని, అప్పుడు చెప్పింది.

"రాకుండా యాడికి పోతా మామా!"