బయటి తాళం

షట్టర్ మీద మొదటి రాయి పడగానే లోపల అమ్మాయిలు కెవ్వుమన్నారు.

"ష్! లైట్లు ఆర్పండి," అంది సెంటర్ పనులు చూసే సౌజన్య. "ఎవ్వరూ కదలొద్దు."

ఇంకో రాయి. ఆ తర్వాత వరసగా.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ కోచింగ్ సెంటర్‌లో బంద్ నాడు క్లాసులు ఇలాగే నడిచేవి. తెల్లారకముందే పిల్లల్ని లోపలికి పంపి, షట్టర్ దించి, వాచ్‌మన్ అంతయ్య బయటి నుంచి తాళం వేసేవాడు. తాళంచెవి జేబులో వేసుకుని ఎదురుగా పాన్‌డబ్బా దగ్గర కూర్చునేవాడు. చూసేవాళ్ళకు సెంటర్ బంద్. లోపల మాత్రం ఫిజిక్స్. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి సంగతి బయటికి పొక్కలేదు.

ఇవాళ పొక్కింది.

షట్టర్ కింది సందులోంచి కాలుతున్న టైరు పొగ లోపలికి పాకింది. ముందు బెంచీలో ఎవరో దగ్గడం మొదలుపెట్టారు. సౌజన్య ఫోన్ మోగింది. యజమాని మల్లికార్జునరావు.

"ఏంటమ్మా ఆ చప్పుడు?"

"జనం వచ్చిన్రు సార్. పొగ వస్తుంది. తాళం తీయించాలె."

"తీయించకు! కాసేపు నోరు మూసుకుని కూర్చుంటే వాళ్ళే పోతారు. నేను వస్తున్నా. ఎల్‌బీ నగర్ బ్రాంచి ఇన్‌చార్జివి నువ్వే అన్నాను కదా? ఆ మాత్రం నెగ్గుకురాలేకపోతే ఎలా?"

ఆ బ్రాంచి కోసమే ఆమె ఇవాళ ఇక్కడుంది. పొద్దున కూతురు జ్యోతిక ఒళ్ళు కాలిపోతుంటే, పిల్లను అత్త సైదమ్మకు అప్పజెప్పి బడంగ్‌పేట్ నుంచి బయల్దేరింది. బస్సుల్లేవు. కొంత నడిచి, కొంత ఎవరి బండి వెనకో కూర్చుని వచ్చింది. జ్వరం సంగతి సెంటర్‌లో ఒక్కరికీ చెప్పలేదు. చెబితే, ప్రమోషన్ ఇచ్చే రోజున "ఆవిడకి ఇంటి గోల ఎక్కువండీ" అనే మాట పడుతుంది. ఆ మాట పడ్డ ఆడవాళ్ళంతా ఏళ్ళ తరబడి రిసెప్షన్‌లోనే మిగిలిపోవడం ఆమె చూసింది.

బయట రాళ్ళు ఆగాయి. ఒక కుర్ర గొంతు షట్టర్‌కు దగ్గరగా వచ్చింది.

"సౌజన్యక్కా! లోపలున్నవని మాకెరుకే. నా పేరు మధు. మేం ఎవర్నీ ముట్టం, జర తాళం తీయించు. ఇంట్ల బిడ్డ జరంతోని పండుకుంటే, గీ బంద్ నాడు నీకేం డ్యూటీ అక్కా?"

సౌజన్య షట్టర్‌కు దగ్గరగా జరిగింది.

జ్వరం సంగతి వీడికెట్ల తెలుసు?

వెనక ఇంకో పిల్ల దగ్గింది. ఇక యజమాని మాట గురించి ఆలోచించలేదు ఆమె. షట్టర్‌ను అరచేత్తో బాదింది.

"అంతయ్యా! తాళం తియ్!"

షట్టర్ లేచింది. గుంపు పక్కకు జరిగి దారిచ్చింది. "పరేషాన్ గాకుండ్రి, ఒక్కొక్కలే పోండ్రి," అంటూ మధు పిల్లల్ని సందులోకి పంపించాడు. తాళంచెవి కోసం జరిగిన గుంజులాటలో అంతయ్య చొక్కా కాలరు చిరిగి వేలాడుతోంది.

"బయట తాళమేసుకొని సదువు చెప్తరా? లోపల అంటుకుంటే ఎట్లక్కా?" అన్నాడు మధు.

"టైరు అంటుబెట్టినోనివి నువ్వే అడుగుతున్నవా?"

మధు తల దించుకున్నాడు. "రోడ్డు మీదనే పెట్టినం. గాలికి పొగ ఇటు మళ్ళింది."

"మేం లోపలున్నమని ఎవరు చెప్పిన్రు?"

"ఫోనొచ్చింది. పేరు చెప్పలే. మొగాయన. తల్లిని లోపలేసి తాళం పెట్టిన్రు, బిడ్డకు జరం, ఇడిపియ్యుండ్రి అన్నడు. నీ పేరు గూడ ఆయనే చెప్పిండు."

సౌజన్య ఇంటికి ఫోన్ చేసింది. సైదమ్మ ఎత్తింది.

"పిల్ల మంచిగనే ఉంది బిడ్డా. జావ తాగింది. నా కొడుకు కలువలేదా? నీ ఎన్కనే బండేసుకొని ఎల్లిండు. ఇయ్యాల్టితోని దాని నౌకరి పీడ పోతదన్నడు. నాకేం సమజ్ కాలే."

ఫోన్ దించేసరికి పక్క సందులోంచి భర్త తిరుపతి నడిచి వస్తున్నాడు. పొగ చూసి ఆగలేదు. ఏమైందని అడగలేదు. పరుగెత్తే పిల్లల మధ్య నుంచి తిన్నగా వచ్చి ఆమె మోచేయి పట్టుకున్నాడు.

"చెప్పిన్నా లేదా? ఇగ చాలు నీ కొలువు. ఇంటికి పా."

ఆమె నోరు తెరిచేలోపే మల్లికార్జునరావు స్కూటర్ దిగాడు. ఎత్తి ఉన్న షట్టర్‌ను చూశాడు, అంతయ్యను చూశాడు.

"వీడే! బయటున్నది వీడొక్కడే. పొద్దస్తమానం ఉద్యమం ఉద్యమం అంటుంటే అప్పుడే అనుకున్నా."

"నా బిడ్డల మీద ఒట్టు సారూ! నేను చెప్పలే!" అన్నాడు అంతయ్య.

"గీయన గాకుంటే ఇంకెవరు చెప్తరు సారూ?" అన్నాడు తిరుపతి, నిమ్మళంగా.

రావు సౌజన్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. అంతయ్యేనా? అవునంటే వీణ్ణి ఇప్పుడే పంపించేస్తా. షట్టర్ తీయించిన సంగతి కూడా మర్చిపోతా. సోమవారం నుంచి ఎల్‌బీ నగర్‌లో కూర్చో. కాదంటే మాత్రం, నా సెంటర్ గుట్టు ఎవరి ద్వారా బయటపడిందో వాళ్ళకి ఇక్కడ పనిలేదు. ఎవరైనా సరే."

తల ఊపితే చాలు. అంతయ్య ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. మోచేయి మీద పట్టు బిగిసింది. చెవి దగ్గర తిరుపతి గుసగుస.

"ఊకో. ఇంటి మాట బజార్ల పెట్టకు."

"అంతయ్య కాదు సార్," అంది సౌజన్య. "మా ఇంట్లకెంచే వచ్చింది ఫోన్."

"మీ ఇంట్లోంచా? ఎవరు?"

జ్యోతిక వాళ్ళ నాయిన. అలవాటైన ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. మొగుని పేరు నోటితో అంటే ఆయుష్షు తగ్గుతుందని అత్తింట్లో అడుగుపెట్టిన నాడే చెప్పారు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనలేదు.

మోచేయి విదిలించుకుంది.

"తిరుపతి," అంది గట్టిగా, మధు గుంపుకు కూడా వినబడేట్టు. "నా మొగుడు తిరుపతి."