ఇడిమి ముసలమ్మ వెనక కోళ్లు

మద్దేడ్ దాటి భోపాల్‌పట్నం పోయే రోడ్డు దిగి, టేకు చెట్లలోంచి కాస్త నడిస్తే ఆ ఊరు వస్తుంది. అక్కడ పొద్దున్నే ఆడవాళ్లు చేసే మొదటి పని మొగుళ్లను నేలలోంచి బయటికి లాగడం. ఇప్పపువ్వు ఏరడానికి పోయేది ఆ తర్వాతే.

ఆ ఊళ్లో మగవాడు మనసులో ఏదన్నా దాచుకుంటే కాళ్లు నేలలోకి దిగుతాయి. చిన్న దిగులైతే చీలమండ దాకా, పెద్దదైతే మోకాళ్ల దాకా. మగపిల్లవాడు ఆటలో పడి మోకాలు చీరుకుని ఏడుస్తుంటే, ఆడపిల్లవా అట్ల ఏడుస్తున్నవని తండ్రి అన్న రోజున ఇది మొదలవుతుంది. ఆ సాయంత్రమే వాడి బొటనవేళ్లు మట్టిలో మాయమవుతాయి. వీడూ మగవాడయ్యాడని తల్లి మురిసిపోయి కోడిని కోస్తుంది.

ఆడవాళ్లకు ఆ బెడద లేదని ఊరందరి నమ్మకం. వాళ్లు బోరింగు దగ్గర అరుచుకుంటారు, ఏడుస్తారు, బిందెలెత్తుకుని పోతారు. ఇంక దిగడానికి ఏం మిగులుతుంది అని మగవాళ్లు అంటుంటారు.

పెళ్లిలో పిల్ల తల్లి అడ్డతీగ నారతో ఒక తాడు పేని ఇవ్వడం అక్కడి ఆచారం. భార్య ఆ తాడును మొగుడి నడుముకు చుట్టి, కాలు గోడకు తన్నిపెట్టి, లోపల ఏం పెట్టుకున్నవని అడుగుతూ లాగుతుంది. వాడు ముందు ఏమీ లేదంటాడు. ఆమె ఊరుకుంటుంది. కాసేపటికి వాడే ఏదో గొణుగుతాడు, పైకొస్తాడు. పైకొచ్చాక తాడు మంచిదని మెచ్చుకుంటాడు. సీతయ్య పటేల్ అయితే తన అత్తగారు పేనిన తాడుతో లారీని కూడా లాగొచ్చని చెప్పుకుంటాడు. సర్పంచ్ ఎన్నికల్లో ఓడిపోయిన ఏడు ఆయన తల తప్ప ఇంకేమీ నేల మీద కనిపించలేదు. అప్పుడు కూడా పాగా మాత్రం తీయలేదు. దిగకుండా ఉండడానికి లక్మా అనే అతనికి వేరే ఉపాయం ఉంది. మోటార్‌సైకిల్ దిగడు. మాట్లాడినా, తిన్నా, పంచాయితీ చెప్పినా దాని మీదే.

అందరికంటే ఎక్కువసార్లు దిగేది మంగల్. పోయిన వానకాలంలో ఎద్దు చచ్చిన రోజు ఛాతీ దాకా దిగిపోయాడు. ఊరంతా వచ్చి చుట్టూ కూర్చుంది. సారా వచ్చింది, ఓదార్పులు వచ్చాయి, ఎద్దు గుణగణాలు రెండు భాషల్లో చెప్పుకున్నారు. భార్య జోగి పొద్దంతా లాగి సాయంత్రానికి బయటికి తీసింది. ఆ రోజు ఆమెకు కొంచెం ఒళ్లు వెచ్చబడిందని ఎవరో అంటే, ఊరి ఆరోగ్యం చూసే మితానిన్ సుమిత్ర తన మందుల సంచిలోంచి ఒక గోలీ తీసి ఇచ్చింది. అంతటితో ఆ మాట అయిపోయింది.

మంగల్ తల్లి ఇడిమి. వయసు మీద పడి ఏటికేడు పొట్టిదవుతోంది. మోకాళ్ల నొప్పులేమో, కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తుంది. ఆమె ఎటు పోతే అటు ఊళ్లో కోళ్లన్నీ వెంటపడతాయి. ఆమె గింజలు వేయగా ఎవరూ చూడలేదు. కొడుక్కు లేని ప్రేమ కోళ్లకుందని లక్మా బండి మీది నుంచి నవ్వేవాడు.

ఈ ఏడు ఇప్పపువ్వు రాలడం మొదలైంది. ఒక పొద్దున మంగల్ మంచం దిగి చీలమండ దాకా నేలలోకి పోయాడు. జోగి తాడు చుట్టింది, అడిగింది. అతను ఏమీ లేదన్నాడు, తర్వాత చెప్పాడు. వాళ్లకు ఒక్కటే ఇప్పచెట్టు ఉంది. మిగతా ఆడవాళ్లంతా బుట్టలు నింపి తెస్తుంటే జోగి బుట్ట సగమే ఉంటోంది. జనం ఏమనుకుంటారని అతని దిగులు. ఆ మాట చెప్పేసి తేలిగ్గా పైకొచ్చి వేపపుల్ల విరుచుకున్నాడు. జోగి తాడు చూరుకు చుట్టి, బిందె తీసుకుని బోరింగుకు పోయింది.

ఎంతకీ తిరిగి రాలేదు.

ముందు చూసింది సుమిత్ర. బిందె నిండి పొర్లుతోంది. జోగి పక్కనే నిలబడి ఉంది. మోకాళ్ల కింద ఆమె లేదు.

ఊరు ఊరంతా పరుగెత్తుకొచ్చి నోరు తెరుచుకుని నిలబడింది. మనిషి దిగడం వింత కాదు. ఆడమనిషి దిగింది. సీతయ్య పాగా తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆడదానికి దిగే పనేంది? ఆమెకేం తక్కువైంది?" అన్నాడు.

తాడు తెమ్మన్నారు. మంగల్ ఇంటి వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. తాడు ఎక్కడుందని జోగినే అడిగాడు. చూరు కింద, చాట వెనక అంది ఆమె. అంటూనే జానెడు దిగింది. అది ఎవరూ పట్టించుకోలేదు. తాడు వచ్చింది, నడుముకు చుట్టారు, మగవాళ్లంతా పట్టుకున్నారు. ఎటు నిలబడాలో తెలియక ఆమెనే అడిగారు. చెప్పింది. ఇంకో జానెడు దిగింది. ఇంతలో ఇడిమి కాళ్లీడ్చుకుంటూ కోళ్లతో సహా వచ్చి, పొయ్యి మీద జావ దించాలా అని అడిగింది. లక్మా బండి మీది నుంచే, మొన్న నా దగ్గర తీసుకున్న టార్పాలిన్ ఎండిందా వదినా అన్నాడు. అన్నింటికీ జోగి ఓపిగ్గా జవాబు చెప్పింది. అప్పటికి నేల ఆమె ఛాతీ దాకా వచ్చింది.

సుమిత్రకు అప్పుడు అర్థమైంది.

"ఎవరూ ఏం అడగకుండ్రి. ఆమెను ఇంక ఏం అడగకుండ్రి" అంది.

ఊరు నోరు మూసుకుంది. అట్లాంటిది ఎన్నడూ జరగలేదు కాబట్టి కుక్కలు కూడా లేచి చూశాయి. మగవాళ్లు ఊపిరి బిగబట్టి లాగారు. తాడు తెగింది. అందరూ వెల్లకిలా పడ్డారు. మంగల్ లేచి కూర్చునేసరికి అతని ముఖానికి ఎదురుగా జోగి ముఖం ఉంది. అంత కింద నుంచి రోజూ చూసేది అతను. ఆమె పైన నిలబడి అడిగేది. ఇప్పుడు అడిగే మనిషి పైన లేదు. అతను ఇటూ అటూ చూశాడు. ఊరంతా అతని వైపే చూస్తోంది.

"లోపల ఏం పెట్టుకున్నవ్, జోగీ?"

"ఏం లేదు" అంది జోగి.

మంగల్‌కు ఆ మాట బాగా తెలుసు. రోజూ తనే అంటాడు. ఆమె ఏం చేస్తుందో కూడా తెలుసు. అందుకని ఊరుకుని కూర్చున్నాడు. నీడ బోరింగు గట్టు దిగి పక్కకు పోయింది. అప్పుడు జోగి నెమ్మదిగా చెప్పింది.

"ఎద్దు చచ్చిన రోజు నా కడుపు పోయింది. నిన్ను లాగుతా ఉంటెనే పోయింది. నువ్వు ఛాతీ దాకా దిగినవ్, తాడు ఎట్ల వదులుత? పొద్దుగూకినంక పోయి మన ఇప్పచెట్టు కింద పాతిపెట్టొచ్చిన. వచ్చి నీకు జావ కాసిన. ఆ పక్క రాలిన పువ్వు ఏరబుద్ధి కాదు. అందుకే సగం బుట్ట."

ఆ రోజు ఎద్దును పొగిడిన వాళ్లంతా అక్కడే ఉన్నారు. సుమిత్ర తన మందుల సంచిని వెనక్కి దాచుకుంది. లక్మా బండి దిగాడు. దిగి, తను దిగిన సంగతే మరిచి నిలబడ్డాడు.

మంగల్ ఏడ్చాడు. గొంతెత్తి, పట్టపగలు, పటేల్ ముందు. మగవాడి ఏడుపు ఎట్లా ఉంటుందో ఆ ఊరికి తెలియదు. అంత పెద్ద చప్పుడు అతని నుంచే వస్తోందని నమ్మలేక కొందరు వెనక్కి తిరిగి చూశారు. అంత ఏడ్చినా అతని కాలు వెంట్రుకవాసి కూడా దిగలేదు. జోగి అతన్ని చూసి, తను కూడా ఏడుస్తూ, తాడు లేకుండా మెల్లగా నడుము దాకా వచ్చింది, మోకాళ్ల దాకా వచ్చింది. చివరికి తనే చేతులాన్చి గట్టు మీదికెక్కి బురద కాళ్లతో కూర్చుంది.

అంతా అయిపోయిందని సీతయ్య గొంతు సవరించుకున్నాడు. అప్పుడే ఇడిమి నోరు విప్పింది.

"నన్ను కూడా ఎవరూ అడగలే" అంది.

చీర కుచ్చెళ్లు పట్టుకుని పైకెత్తింది. అక్కడ పాదాలు లేవు. మోకాళ్ల దగ్గరే నేల మొదలైంది. ఇంటి నుంచి బోరింగు దాకా ఆమె వచ్చిన దారంతా నాగలితో దున్నినట్టు రెండు చాళ్లు పడి ఉన్నాయి. తిరగబడిన ఆ మట్టిలో కోళ్లు ఎర్రలు ఏరుకుని తింటున్నాయి.

ఊరు మిగతా ముసలమ్మల వైపు తిరిగింది. ఎప్పుడూ ఉన్నంత పొట్టిగానే ఉన్నారు అందరూ. ఒక్కొక్కరే కుచ్చెళ్లు గట్టిగా అదిమి పట్టుకున్నారు. సీతయ్య భార్య మధ్యవయసుది. ఆమె కూడా పట్టుకుంది. సీతయ్య ఆమె వైపు చూసి, పాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

మంగల్ ముక్కు తుడుచుకుని తల్లి దగ్గరికి పోయాడు.

"లోపల ఏం పెట్టుకున్నవ్ అవ్వా?"

"ఏం లేదు బిడ్డా" అంది ఇడిమి.

అతను ఏం చేయాలో తెలియక జోగి వైపు చూశాడు.

"మొదట అందరూ అట్లనే అంటరు" అంది జోగి. "కూర్చో."

కూర్చున్నాడు. ఆ రోజు ఎవరూ ఇప్పపువ్వుకు పోలేదు. కోళ్లు కడుపు నిండా తిని, ముసలమ్మ నీడలో రెక్కలు ముడుచుకున్నాయి.