ఇక నీ వంతు

డెమో గట్టెక్కితేనే ఓబులేసుకు సెలవు. మర్నాడు కదిరిలో కూతురికి పుట్టువెంట్రుకలు. మేనమామ, మంగలి, ముహూర్తం అన్నీ సిద్ధం. తండ్రి మాత్రం హైటెక్ సిటీలో ఏడో అంతస్తులో డీబగ్గర్ ముందు కూర్చున్నాడు.

డీబగ్గర్ అంటే ప్రోగ్రాముల్లో తప్పులు వెతికిపెట్టే ప్రోగ్రాం. నల్లటి తెరమీద అక్షరాలతో మాట్లాడుతుంది. దానికి బటన్లున్న చక్కటి విండో తొడగడం ఓబులేసు పని. చిక్కల్లా ఒక్కటే. అది చెప్పడం ముగించి మన జవాబు కోసం ఆగిందా, ఉత్తినే ఆలోచిస్తూ ఆగిందా అన్నది విండోకు తెలియాలి. రెండు సెకన్లు పలక్కపోతే వంతు మనదే అనుకోమని మొదట్లో రాశాడు. డీబగ్గర్ ఊపిరి తీసుకున్నప్పుడల్లా విండో అడ్డుపడి రచ్చరచ్చ చేసింది. మాన్యువల్ తిరగేస్తే తెలిసింది, అడిగితే ఆ మహాతల్లే 'ఇక నీ వంతు' అని గుర్తు పంపుతుందట. ఒక్కో రకం ప్రశ్నకు ఒక్కో గుర్తు. ఓబులేసు విండోకు మామూలు గుర్తు ఒక్కటే నేర్పి చేతులు దులుపుకున్నాడు.

డెమోలో డీబగ్గర్ చూపిన తప్పుల జాబితా పొడుగైంది. తెర నిండగానే, మిగతాది చూడాలంటే ఎంటర్ నొక్కమంటూ డీబగ్గర్ వేరే గుర్తు పంపింది. విండోకు అది అర్థం కాలేదు. దీనికోసం అది, దానికోసం ఇది ఎదురుచూస్తూ కూర్చున్నాయి.

వీడియో కాల్‌లో ఉన్న క్లయింటు దివ్య కూడా పలకలేదు. మేనేజరు కామేశ్వరరావు మౌనం భరించలేని మనిషి.

"నిజం చెప్పాలంటే మేడమ్, ఇది ఇవాళ పొద్దున్నే పూర్తయిందండి, ఇంకా సరిగ్గా పరీక్షించలేదు," అన్నాడు.

ఆమె పలకలేదు.

"ఇంకో రెండు ఫీచర్లు ఊరికే కలిపిస్తామండి."

ఉలుకూ పలుకూ లేదు.

"మూడండి."

దివ్య తలెత్తింది. "సారీ అండి, జాబితా చదువుతున్నా. బాగుంది, ఓకే చేద్దామనే అనుకున్నా. ఆ మూడూ కూడా పంపించేయండి."

మూడు ఫీచర్లంటే సెలవు గోవిందా. కానీ ఓబులేసుకు ఒక సంగతి తట్టింది. తను మొదట రాసిన రెండు సెకన్ల సూత్రం డీబగ్గర్‌కు పనికిరాలేదు గానీ, ఈ మేనేజరుకు అతికినట్టు సరిపోతుంది.

నేరుగా కామేశ్వరరావు గదిలోకి వెళ్లాడు. "సాయంత్రం బస్సుంది సార్. రేపు కదిరిలో పాపకు పుట్టెంటుకలు తీయిస్తాండాం," అని నోరు మూసుకున్నాడు.

"మరి ఆ మూడు పనులో?"

ఓబులేసు పలకలేదు.

"సర్లే, వెళ్లిరావయ్యా."

కదల్లేదు.

"సోమవారం కూడా తీసుకో."

లోపల ఒకటి, రెండు లెక్కపెట్టుకున్నాడు.

"మంగళవారం కూడా. పిల్ల ముచ్చట కదా. పోనీ, బుధవారం..."

ఇంకాసేపు ఊరుకుంటే ఈయన ఉద్యోగంలోంచే పంపించేస్తాడని భయమేసి, ఓబులేసు దండం పెట్టి బయటపడ్డాడు.