పందిరి లేని నీడ

మిషన్ బండి ఏ ఊరికి పోయినా పని వరస ఒకటే. ఉపదేశి యేసేపు ఎద్దుల్ని విప్పి కుడితి పెడతాడు. నర్సు సిస్టర్ సుభద్రమ్మ మందుల పెట్టె దించి, స్టవ్వు వెలిగించి, సూదులు మరగబెడుతుంది. ఆడవాళ్ళు గజ్జి పట్టిన పిల్లల్ని, కళ్ళు పుసులు కట్టిన ముసలోళ్ళని తోలుకొస్తారు. మధ్యాహ్నం దాకా మందు, ఆ తర్వాత ప్రార్థన, ఆ తర్వాత గంజి. అది 1952. వాన మొహం చాటేసిన కాలం. ఉన్నమాట చెప్పుకోవాలంటే జనం వచ్చేది మందుకూ కాదు, వాక్యానికీ కాదు, గంజికే. ఆ సంగతి యేసేపుకు బాగా తెలుసు. "కడుపులో ఇంత పడితే సెవులు వాటంతటవే తెరుచుకుంటాయిలే" అనేవాడు.

ఆ ఎండాకాలం పది రోజుల క్యాంపు కరిదొడ్డిలో పడింది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, నల్లరేగడి నడుమ ఉంటుంది ఆ ఊరు. చెట్టూ లేదు చేమా లేదు. ఒక్క నీడ మాత్రం ఉంది.

ఎప్పుడో తాతలనాటి ధాతు సంవత్సరపు కరువులో అక్కడ గంజి పందిరి వేశారట. గుంజలు పొయ్యిల్లోకి పోయాయి, తడికలు గొడ్లపాకల్లోకి పోయాయి. నీడ మాత్రం పోలేదు. పైన చూస్తే ఖాళీ ఆకాశం. కింద చూస్తే నలుచదరంగా పందిరి నీడ, అందులో తడికల సందుల్లోంచి దిగినట్టు సన్నటి ఎండ చారలు. ఆ నీడలో మనుషుల నీడలు వరసగా కూచుని ఉంటాయి, బాసింపట్టు వేసుకుని, ముందర బొచ్చెలు పెట్టుకుని. వంతు రాకముందే గంజి అయిపోయి, కూచున్నచోటే పోయినవాళ్ళవి. పొద్దు వాలేకొద్దీ పందిరి నీడ సాగి తూర్పున ఉన్న మూడిళ్ళలోకి దూరుతుంది. బొచ్చెలు పట్టుకున్నవాళ్ళ ఎదురుగా కూచుని తినడం ఏం బాగుంటుందని ఆ మూడిళ్ళవాళ్ళు పెందలాడే తినేస్తారు.

ఊరివాళ్ళకు అదేం వింత కాదు. నీడలో కూచునేటప్పుడు "జరుగప్పా, ఆడ ముసలామె ఉండాది" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. లేచి పోయేటప్పుడు "మీ కడుపు సల్లగుండ" అనేసి పోతారు. వేదం తెలిసిన యేసేపు కూడా అనేవాడు. మంచిమాటకు మతమేమిటి?

అననిది సుభద్రమ్మ ఒక్కతే.

ఆమెకు ముప్పై రెండేళ్ళు. చేతివాసి మంచిదని ఆదోని ఆస్పత్రిలో పేరు. రెండేళ్ళ కిందట ఆలూరు క్యాంపులో ఊరి పిల్లలకు మందు తాగిస్తుంటే, ఆదోనిలో అమ్మ దగ్గర వదిలొచ్చిన నాలుగేళ్ళ కూతురు కరుణ రెండు రోజుల జ్వరంతో పోయింది. కబురు మూడోనాడు అందింది. ఊరి పిల్లలందరి నోట్లో మందు పోసిన చేతికి సొంత బిడ్డ గొంతులో చుక్క నీళ్ళు పోసే రాత లేకపోయింది. ఆనాటి నుంచి అన్నం ముందు అందరూ "తండ్రీ, వందనాలు" అంటుంటే ఆమె పెదాలు బిగించుకుని కూచునేది. మాట గొంతు దాకా కూడా వచ్చేది కాదు. ఈ క్యాంపు అయ్యాక పని మానేస్తానని కాగితం రాసి పెట్టెలో పెట్టుకుంది.

మొదటిరోజు పని ముగించి నీడలోంచి లేస్తుంటే మద్దమ్మ అవ్వ పలకరించింది. "ఏమ్మా సిస్టరమ్మా, మాట సెప్పకనే పోతాండావే?"

"ఏం మాటవ్వా?"

"కడుపు సల్లగుండ అని. పొద్దుట్నుంచి నీడన కూచోనిచ్చినారు కదా."

"నా కడుపే కాలిపోయింది. ఒకరిది చల్లగుండమనే నోరు నాకు లేదు" అంది సుభద్రమ్మ.

అవ్వ ఏమీ అనుకోలేదు. "సరేలే తల్లీ. నీ నీడ ఈడ ఉండిపోతాది, అంతే. మేలు తలుసుకోని ఎప్పుడన్నా ఆ మాటంటే అదే లేసొస్తాది. మా మాటే అనాలని లేదు, మీ వందనాలైనా సరే. యాడుండి అన్నా ఈళ్ళకి ఇనపడతాది."

మరునాడు పొద్దున నీళ్ళు తోడుకుంటూ కిందికి చూసుకుంటే సుభద్రమ్మ కాళ్ళ దగ్గర ఏమీ లేదు. చేద నీడ ఉంది, తాడు నీడ ఉంది, తాడు పట్టుకున్న మనిషిది లేదు. అది పందిరి నీడలో మూడో వరస చివర కూచుని ఉంది. కొప్పు తనదే, వంగిన భుజం తనదే, ఒడి తనదే. ముందర బొచ్చె ఒక్కటే లేదు. ఎండ నెత్తిన పడి, లోపల ఎక్కడా ఆగకుండా అరికాళ్ళలోంచి దిగిపోతున్నట్టుంది. "పోతే పోనీ, నాకెందుకది?" అనుకుని పనిలో పడింది. సూది వేయించుకోను వచ్చిన వీరన్న, "నీడ ఉన్నోళ్ళు పొడిస్తేనే నొప్పమ్మా, నీది సీమ కుట్టినట్టుంది" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

తొమ్మిదోనాడు తిప్పమ్మ తన ఎనిమిది నెలల పిల్లను తెచ్చింది. పేరు ఈరమ్మ. వాంతులు, భేదులు. కళ్ళు లోతుకు పోయాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత మడతగానే నిలబడింది. ముందురోజు నుంచి గుడ్డ తడపలేదు. ఒంట్లో నీరు లేకపోతే తడిపేదేముంది?

"కాచిన నీళ్ళలో ఉప్పు, చక్కెర. మధ్యమధ్య గంజితేట. రెండు నిమిషాలకొక చెంచా" అంది సుభద్రమ్మ. "ఆపినావా, పిల్ల దక్కదు." ఆ పగలంతా తనే పోసింది. రాత్రి తల్లి పోసింది. తెల్లారేసరికి పిల్ల ఇంకా ఊపిరితో ఉంది, అంతకు మించి లేదు. బండి కదలాల్సిన రోజు అదే. ఎమ్మిగనూరులో నాలుగొందల మంది కాచుకుని ఉన్నారు.

"ఆదోని ఆస్పత్రికి తీసుకుపో తిప్పమ్మా."

"యాడ పోయేదమ్మా? కరువు పనిలో ఈ పొద్దు కంకర కొట్టకపోతే పేరు కొట్టేస్తారు. ఇంట్లో ఇంకిద్దరుండారు. ఒగదాని కోసం ఇద్దర్ని సంపుకుందునా?"

తిప్పమ్మ పిల్లను ఎత్తుకుని పందిరి నీడలోకి పోయింది. మూడో వరస చివర, సుభద్రమ్మ నీడ ఒడిలో, గుడ్డ పరిచి పడుకోబెట్టింది. పక్కన నీళ్ళ గిన్నె పెట్టింది, చెంచా పెట్టింది. "సూసుకో తల్లీ, సందేళకి వస్తా" అంది. అన్నది సిస్టరుతో కాదు, నేలమీది నీడతో.

సుభద్రమ్మకు మండిపోయింది. "నీకేమన్నా మతిపోయిందా? నీడ బిడ్డను పట్టుకుంటుందా?"

"నువ్వు పోతాండావు కదమ్మా" అంది తిప్పమ్మ మెల్లగా. "ఇది పోదు కదా."

బండి కదిలింది. యేసేపు కీర్తన ఎత్తుకుని, ఆమె మొహం చూసి మధ్యలోనే ఆపేశాడు. మళ్ళీ అదే పని చేస్తున్నాను, పోయే బిడ్డను వదిలి ఊరోళ్ళ కోసం బండెక్కాను అనుకుంది సుభద్రమ్మ. వెనక్కి తిప్పమందామని రెండుసార్లు నోరు తెరిచింది. నాలుగొందల మంది గుర్తొచ్చి రెండుసార్లూ మూసుకుంది.

కోసెడు దూరం పోయాక ఒడి బరువెక్కింది.

చూసుకుంటే ఖాళీ. కానీ తొడల మీద ఎముకల గూడంత బరువు, మోచేతి మడతలో వేడి తల. కుడిచెయ్యి కదలకుండానే ఉంది, అయినా వేళ్ళకు చెంచా కాడ తగులుతోంది. మునగడం, లేవడం, వంగడం. వేళ్ళ కొసలకు గంజితేట జిగురు. ఆమె బండి చట్రం పట్టుకుంది. వేళ్ళు చట్రాన్ని పట్టుకున్నాయి, చెంచానూ వదల్లేదు. అట్లా రెండు నిమిషాలకొకసారి, ఎమ్మిగనూరు మగ్గాల చప్పుడు వినిపించేదాకా. ఆ తర్వాత మందుల పెట్టె విప్పి నాలుగొందల మందికి మందిచ్చేటప్పుడు కూడా ఆ చెంచా ఆగలేదు.

సందేళ గంజికి అందరూ వరసలు తీరి కూచున్నప్పుడు ఆమె తొడలు వెచ్చగా తడిశాయి.

చీర పట్టి చూసుకుంది. పొడిగా ఉంది. తడి మాత్రం ఒంటిమీద ధారగా జారుతోంది. ఆమె నర్సు. ఆ తడికి అర్థమేమిటో తెలుసు. రెండు రోజులుగా గుడ్డ తడపని పిల్ల ఉచ్చ పోసింది. ఒంట్లో నీరు నిలిచింది. ఇక బతుకుతుంది. బతికినట్టే!

"ఈ ఆహారం ఇచ్చిన తండ్రికి..." అని యేసేపు మొదలుపెట్టాడు.

రెండేళ్ళుగా రాని మాట సుభద్రమ్మకు ఒక్కసారిగా నాలుక కొసకు వచ్చింది. పొంగి వచ్చింది. "వందనాలు" అనబోయి, అవ్వ మాట గుర్తొచ్చి, రెండు చేతులతో నోరు నొక్కుకుంది. యాడుండి అన్నా ఇనపడతాది. ఈ మాట బయట పడితే నీడ లేచి వచ్చేస్తుంది. ఒడి లేకుండా పోతుంది. రెండు నిమిషాలకొక చెంచా ఎవరు పోస్తారు? కళ్ళవెంట నీళ్ళు కారిపోతుంటే మాట మింగేసింది. అందరూ ఆమెన్ అన్నారు. యేసేపు ఓరగా చూసి, పాపం ఇంకా కరగలేదు అనుకున్నాడు.

పని మానేస్తానన్న కాగితం ఆ పూటే స్టవ్వు ముట్టించడానికి పనికొచ్చింది.

ఏడాదిన్నర ఆమె ఆ మాట అనలేదు. గుళ్ళో కూడా పెదాలు కదిలేవి కావు. సిస్టరుకు విశ్వాసం పోయిందని గుసగుసలు లేచాయి, పాదిరి పిలిచి మందలించాడు. ఆమె తలొంచుకుని విన్నది. లోపల మాత్రం ఒడి పొద్దుపొద్దుకూ బరువెక్కుతుంటే, ఒకరోజు చూపుడువేలిని కొత్తపళ్ళు కొరికితే, వార్డు మధ్యలో నిలబడి తనలో తాను నవ్వుకునేది.

రోజూ తిప్పమ్మ పనికి పోయే వేళకు ఎక్కి సందేళకు దిగే బరువు, ఒకనాడు మిట్టమధ్యాహ్నమే దిగిపోయి ఒడి తేలికైపోయింది. చటుక్కున, ఎవరో ఎత్తుకుపోయినట్టు. ఎంతసేపు కాచుకున్నా బరువు తిరిగి రాలేదు. సుభద్రమ్మ చేతిలో ట్రే అక్కడే పెట్టేసి ఎమ్మిగనూరు బస్సెక్కింది. తండ్రీ, మళ్ళీ కబురు మూడోనాడు అందే రాత పెట్టవద్దు అని దారంతా మొక్కుకుంది.

కరిదొడ్డిలో దిగేసరికి వాన వెలిసి చేలు పచ్చగా ఉన్నాయి. పందిరి నీడ బయట ఎండలో ఒక పిల్ల తప్పటడుగులు వేస్తూ కోడిని తరుముతోంది. తిప్పమ్మ పరుగున వచ్చింది. "సూసినావా సిస్టరమ్మా! ఈ పొద్దు నీ ఒళ్ళోంచి దిగి నడుసుకుంటా వచ్చేసింది!"

సుభద్రమ్మ పోయి తన నీడ ఎదురుగా కూచుంది. నీడ అట్లాగే కూచుని ఉంది, ఒడి ఖాళీగా. ఇక అనొచ్చు. కడుపు నిండా ఉంది మాట. నోరు తెరిచింది.

ఇంతలో బసమ్మ అనే పడుచుపిల్ల నెలల బిడ్డను తెచ్చి ఆ నీడ ఒడిలో పడుకోబెట్టింది. "కలుపుకి పోతాండా. సూసుకో తల్లీ" అని చెప్పి, దోకుడుపార చేతబట్టుకుని గబగబా వెళ్ళిపోయింది.

సుభద్రమ్మ తెరిచిన నోరు మూసుకుంది. కాసేపు ఆ బిడ్డనే చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది.

"ఏమ్మా, మాట సెప్పకనే పోతాండావే?" అంది మద్దమ్మ అవ్వ.

"ఇప్పుడు కాదులే అవ్వా."

అవ్వ బోసినోటితో నవ్వింది. "నీ కడుపు సల్లగుండ" అంది. ఈసారి ఆ మాట సుభద్రమ్మకు కాలలేదు.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. పక్కనున్న పెద్దమ్మ సంచీ సర్దుకుంటూ ఆమె మీదికి ఒరగబోయింది. సుభద్రమ్మ ఖాళీ ఒడికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నిదానమమ్మా, బిడ్డ నిద్రపోతోంది."

పెద్దమ్మ ఆ ఒడి వైపు ఒకసారి చూసి, సంచీ అటుపక్కకు మార్చుకుని, జరిగి కూచుంది.